ఎలుకల మందు పెట్టే సరోజక్క

సరోజక్క ఎవరింటికి వెళ్ళినా రాగానే సంచి విప్పదు. చెప్పులు గడప బయట విడుస్తుంది, ఇచ్చిన నీళ్ళు తాగుతుంది, కొంగు నడుముకు చెక్కుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతుంది. బియ్యం డబ్బా వెనుక తొంగి చూస్తుంది. స్నానాల గది తూము దగ్గర వంగుతుంది. పెరట్లో కట్టెల కుప్పను కర్రతో కదిలిస్తుంది. అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు. ఇంట్లో పాకే పిల్లలున్నారా? కుక్క ఉందా, పిల్లి ఉందా? పక్కింటి కోళ్ళు ఈ పెరట్లోకి వస్తాయా? మతిమరుపు ఉన్న ముసలివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

"ఎలుకల గురించి అడుగుతలేవేంది అక్కా?" అని నవ్వుతారు కొందరు.

"ఎలుకలు నాకు ఎర్కే. మీ ఇల్లే ఎర్క లేదు," అంటుందామె, నవ్వకుండా.

చంద్రపూర్ జిల్లా కోఠారిలో ఆమెను ఎరగని ఇల్లు లేదు. మరాఠీవాళ్ళు ఉందీర్‌వాలీ బాయి అంటారు, తెలుగువాళ్ళు ఎలుకల సరోజక్క అంటారు. రెండు పిలుపులకీ పలుకుతుంది. యాభై రెండేళ్ళ మనిషి, సన్నగా, నల్లగా, నడకలో వడి. పుట్టిల్లు రాజురా అవతల, సరిహద్దు పల్లెలో పత్తి పండించే కుటుంబం. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది మాత్రం ఏడో తరగతి దాకా మరాఠీ. అందుకే ఆమెకు తెలుగు నోటికి వచ్చు గాని కంటికి రాదు. మందు ప్యాకెట్‌లో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది కదా, పది భాషల్లో, చీమ తలకాయంత అక్షరాలతో! దాన్ని మరాఠీలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివిన మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే అనుకుంటాను. అది ఊరికే అబ్బిన అలవాటు కాదు.

పన్నెండేళ్ళ క్రితం ఆమె అప్పలనర్సయ్య సేటు ధాన్యం గోదాంలో పని చేసేది. ఊడవడం, బస్తాల లెక్క చూడటం, చిరిగిన గోనెలు కుట్టడం. గోదాం నిండా ఎలుకలే. రాత్రికి రాత్రి శనగల బస్తాలు కొరికి గుట్టలు పోసేవి. సేటు మంచివాడే గాని తొందర మనిషి. ఎలుకల మందు బిళ్ళలు ఒక పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఎట్ల పెడ్తవో పెట్టు సరోజా, నాకైతే ఎలుక కనబడొద్దు," అన్నాడు. ఆమె అందరూ పెట్టినట్టే పెట్టింది. బస్తాల సందుల్లో రెండు, మూలల్లో నాలుగు, తలుపు వెనుక ఒక గుప్పెడు. మిగిలినవి నాలుగు కొంగున కట్టుకుని తన ఇంటికీ తెచ్చుకుంది. ఇంటి ముందు కాలువ గట్టున ఎలుక బొక్క ఉంటే దాని నోట్లో రెండు తోసింది.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఒక బిళ్ళ చీపురుకు తగిలి పక్కింటి ముంగిట్లోకి దొర్లింది. ఆమె చూడలేదు. పక్కింటి జయ కూతురు ప్రజ్ఞ చూసింది. మూడేళ్ళ పిల్ల. ఆ బిళ్ళ నీలంగా, మెరుస్తూ, అచ్చం అంగడిలో దొరికే మిఠాయిలా ఉంది.

జయ కేక విని సరోజక్క పరుగెత్తుకు వచ్చేసరికి పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి. చేతిలో బిళ్ళ ఉంది, ఒక మూల కొరికి ఉంది.

"గిదేంది అక్కా? గిది ఏడికెళ్ళి వచ్చింది?" జయ ఆ బిళ్ళ లాక్కుని అడిగింది.

సరోజక్క అబద్ధం చెప్పలేదు. చెప్పాలని ఒక్క క్షణం అనిపించిందని తర్వాత తనే ఒప్పుకుంది. "నాదే. నేనే పెట్టిన," అంది.

చుట్టూ పదిమంది చేరారు. ఒకామె ఉప్పునీళ్ళు తాగించమంది, ఇంకొకాయన గొంతులో వేలు పెట్టి కక్కించమన్నాడు. ఇంతలో ఎవరో ఆటో తెచ్చారు. జయ పిల్లను ఎత్తుకుని ఎక్కింది. సరోజక్క ఎక్కబోయి, ఏదో తట్టినట్టు ఆగి, వెనక్కి గోదాం వైపు పరుగు తీసింది. ఆ పరుగు చూసిన వాళ్ళు ఆమె భయపడి పారిపోతోందనుకున్నారు. జయ కూడా అలాగే అనుకుంది. రెండు నిమిషాల్లో ఆమె మందు పెట్టె పట్టుకుని, చెప్పులు ఎక్కడో పోగొట్టుకుని, ఉట్టి కాళ్ళతో ఆటోకు అడ్డం వచ్చి ఎక్కింది.

చంద్రపూర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఏం మందు?" సరోజక్క పెట్టె ముందు పెట్టింది. డాక్టరమ్మ దాని మీద రాసింది చదివి, కొరికిన బిళ్ళను చూసి, ఊపిరి వదిలింది. ఆమె మరాఠీలో చెప్పింది సరోజక్కకు ఇప్పటికీ మాట మాటా గుర్తు. ఈ మందు రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు, కాని మెల్లగా పనిచేస్తుంది, దీనికి విరుగుడు ఉంది. పిల్ల తిన్నది కొంచెమే. రక్తం ఇవాళ చూస్తాం, రెండు రోజులాగి మళ్ళీ చూస్తాం, అవసరమైతే ఇంజెక్షన్ ఇస్తాం. కక్కించకుండా తేవడం మంచిదైంది. ట్యూబులో వచ్చే పేస్టు మందు తిన్న పిల్లలు కూడా వస్తారు, దానికి విరుగుడు లేదు. ఏం తిన్నారో తెలియకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ. మీరు పెట్టె తెచ్చారు, అది చాలా పెద్ద పని.

ప్రజ్ఞకు ఏమీ కాలేదు. మూడో రోజు రక్తం బాగుందని ఇంటికి పంపారు. కాని సరోజక్కకు మాత్రం ఏదో అయింది. నెల రోజులు ఆమె గోదాం ముఖం చూడలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పిల్ల నీలం పెదవులు కళ్ళ ముందు కదిలేవి. భర్త సీతారాం ఆమెను ఏమీ అనలేదు. ఆయన బల్లార్షాలో కాగితం మిల్లుకు వెదురు మోసే లారీల మీద పనిచేసి, నడుము పట్టేసి ఇంట్లో ఉన్న మనిషి. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు కాలుస్తూ, "నువ్వు బందు చేస్తే ఎలుకలు బందైతయా? ఇంకొకరు పెడ్తరు. గదే తీరుగ పెడ్తరు," అన్నాడు.

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. ఆ సాయంత్రమే పెట్టెలోని మడత కాగితం తీసి కిటికీ వెలుతురులో చదవడం మొదలుపెట్టింది. అర్థం కాని మాటలను మర్నాడు బడి మాస్టరును అడిగింది. పిల్లలకూ, జంతువులకూ అందకుండా పెట్టాలని అందులో రాసి ఉంది. ఎలా పెడితే అందదో మాత్రం రాసి లేదు. అది ఆమె తనే కనుక్కోవలసి వచ్చింది.

గోదాంకు తిరిగి వెళ్ళి, వారం రోజులు మందు ముట్టకుండా ఎలుకలనే చూసింది. గచ్చు మీద పలుచగా పిండి చల్లి, పొద్దున అడుగుల గుర్తులు చూసేది. ఎలుక గది మధ్యలోంచి నడవదు, గోడకు ఒళ్ళు రాసుకుంటూ పోతుంది. రోజూ ఒకే దారి. ఆ దారి గోడ మీద జిడ్డుగా నల్లని చార పడుతుంది. బొక్కలన్నింటినీ సాయంత్రం మట్టితో మూసి పొద్దున చూస్తే, తెరుచుకున్నవే బతికున్న బొక్కలు. కొత్త వస్తువేదైనా ఆ దారిలో పెడితే ఎలుక రెండు మూడు రోజులు దాని జోలికే పోదు. ఇవన్నీ ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఒకరోజు సేటు ఇంటికి నీళ్ళ పైపులు వేస్తుంటే మిగిలిన, మూడంగుళాల వెడల్పున్న పొడుగాటి ముక్క ఒకటి అక్కడ పడి ఉంది. దాన్ని గోడ వెంట పెట్టింది. నాలుగో రోజు పొద్దున దాని లోపల ఎలుక పెంటికలు కనబడ్డాయి. ఎలుకకు చీకటి సందు ఇష్టం, అది పైపులోంచి దర్జాగా నడుస్తోంది! ఆమె జయ ఇంటికి వెళ్ళి, సిగ్గు విడిచి, ప్రజ్ఞ చేయి ఒకసారి కొలుచుకోనివ్వమని అడిగింది. జయ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేయి చాపించింది. అప్పటి నుంచి సరోజక్క పైపు ముక్క రెండున్నర అడుగులకు తగ్గదు. రెండు వైపులా తెరిచి ఉంటుంది, మందు నట్టనడుమ ఉంటుంది. ఏ పక్క నుంచి చేయి పెట్టినా పిల్లకు అందదు, కోడి ముక్కుకు అందదు, మేక నాలుకకు అందదు. నడుమ ఒక చిన్న తూటు పొడిచి, బిళ్ళకు గుచ్చిన తీగను అందులోంచి పైకి లాగి మెలి తిప్పుతుంది. ఎలుక బిళ్ళను ఎత్తుకుపోయి ఎక్కడో వదిలేయడం ఉండదు, అక్కడే కూర్చుని తినాలి. పైపును గోడకో గుంజకో తీగతో బిగించి కడుతుంది, కుక్క లాక్కుపోకుండా. పైపు మీద మార్కరుతో నంబరు, తన ఫోను నంబరు, మందు పేరు.

గోదాంలో మొదలైన ఆ పని మెల్లగా ఊరికి పాకింది. పప్పు మిల్లు పిలిచింది, తర్వాత అంగన్‌వాడీ పిలిచింది. అంగన్‌వాడీలో మాత్రం ఆమె మందు పెట్టలేదు. పిల్లలుండే చోట మందు వద్దని, తూములకు ఇనుప పీచు కుక్కి సిమెంటు పూసి, రెండు బోన్లు పెట్టి వచ్చింది. మందు పెట్టే ఆమె మందు వద్దనడం ఊళ్ళో వింతగా చెప్పుకున్నారు.

ఆమె ఓపిక ఎంతటిదో నిరుడు హరీష్ కొట్టం దగ్గర తెలిసింది. హరీష్ ఊరి చివర పదకొండు పాడి బర్రెలు, రెండు వందల నాటుకోళ్ళు పెట్టుకున్న కుర్రవాడు. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. భార్యతో, చిన్న కొడుకుతో అక్కడే ఉంటాడు. దాణా బస్తాలకు ఎలుకలు, గుడ్లకు ఎలుకలు, చివరకు ఒక దూడ చెవి కొరికాయి. సరోజక్కను పిలిచాడు.

ఆమె కొట్టమంతా తిరిగి, బొక్కలు లెక్కపెట్టి, "ముప్పై నాలుగు ఉన్నయి బిడ్డా. నేను మందు నాలుగు దినాలాగి పెడ్త," అంది.

"నాలుగు దినాలేంది చిన్నమ్మా? ఇయ్యాలనే పెట్టు."

"నీ దాణా నేల మీద పారబోసి ఉన్నది. కడుపు నిండ తిన్న ఎలుక నా బిళ్ళ ఎందుకు తింటది? ముందు బస్తాలు బల్లల మీదికెక్కియ్యి, గోడకు దూరం జరుపు. దాణా మూతున్న డ్రమ్ములల్ల పొయ్యి. పొద్దుమీకి తొట్లు ఊడ్చుడు తప్పొద్దు. గప్పటిదాక ఉత్త పైపులు పెట్టిపోత, అలవాటు కానియ్యి."

హరీష్ గొణుక్కుంటూనే చేశాడు. అయిదో రోజు ఆమె చేతికి తొడుగులు వేసుకుని మందు పెట్టింది. రోజూ పొద్దున ఏడింటికి వచ్చి ఒక్కో పైపూ వంగి చూసి, ఎంత తిన్నాయో చిన్న నోటుబుక్కులో రాసుకునేది. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే మిగతా ఎలుకలకు అనుమానం రాదు. ఇదంతా ఆమె చెప్పింది. హరీష్ విన్నాడు. వాళ్ళ బాబాయి రాయమల్లు వినలేదు.

రాయమల్లు చెడ్డవాడు కాదు. కొట్టం కట్టేటప్పుడు ఇటుకలు మోసిన మనిషి, అన్న కొడుకు కోసం ప్రాణం పెట్టే మనిషి. వారం రోజులుగా పైపులు చూసి చూసి ఆయనకు విసుగు పుట్టింది. "గీ పైపులు పెట్టి పూజ చేస్తున్నరా?" అని, పొలాల్లో వాడే నల్ల పొడి మందు ఎక్కడినుంచో తెచ్చి, నూకల్లో నూనెతో కలిపి, సాయంత్రం ఎవరికీ చెప్పకుండా కొట్టం చుట్టూ చల్లాడు.

మర్నాడు పొద్దున సరోజక్క గేటు దగ్గరికి రాగానే ఆగిపోయింది. గాలిలో కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన. ఆ వాసన ఆమెకు తెలుసు. కళ్ళు నేల మీదికి పోయాయి. గోడ వెంట, గడ్డిలో, తొట్ల కింద బూడిద రంగు నూకలు. అవతల హరీష్ కోళ్ళ షెడ్డు గొళ్ళెం మీద చేయి వేసి ఉన్నాడు.

"తియ్యకు! తలుపు తియ్యకు హరీషూ!"

ఆమె అంత గట్టిగా అరవడం ఎవరూ విని ఎరగరు. హరీష్ చేయి అలాగే నిలిచిపోయింది.

"ఎవరు చల్లిండ్రు ఇది?"

రాయమల్లు వేపపుల్ల నములుతూ ముందుకు వచ్చాడు. "నేనే సరోజా. ఒక్క రాత్రిల ఎన్ని చచ్చినయో చూడు, ఆరు!"

ఆమె వాదించలేదు. "అన్నా, దీనికి విరుగుడు లేదు. కోళ్ళు బయటికొస్తే ఒక్కటి మిగలదు. బర్రెలను ఎక్కడియక్కడ్నే కట్టేసి ఉంచుండ్రి. పిల్లగాన్ని ఇంట్లకెళ్ళి ఇడువొద్దని కోడలికి చెప్పుండ్రి. కుక్క ఏడున్నది?"

కుక్క గడ్డివాము వెనుక దొరికింది. రాజా అని పేరు, హరీష్ చేతుల్లో పెరిగింది. నోటి వెంట నురగ, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. హరీష్ దాన్ని బండి మీద వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పోయాడు గాని, దారిలోనే పోయింది. వెనక్కి వచ్చి దానికి గుంత తవ్వాడు.

అప్పటికి సరోజక్క ముక్కుకు తడిలేని గుడ్డ రెండు మడతలు కట్టుకుని, తొడుగులు వేసుకుని మోకాళ్ళ మీద ఉంది. పనివాడు నీళ్ళు కొట్టి కడిగేస్తానని బకెట్టు తెస్తే ఆపింది. ఆ పొడికి తడి తగిలితే విషపు గాలి లేస్తుంది. పొడిగానే ఊడ్చాలి, గడ్డిలోవి చేత్తో ఏరాలి. ఆమె ఏరింది. ఎండ ఎక్కింది. కోళ్ళు షెడ్డులో గోల చేస్తున్నాయి, బర్రెలు అరుస్తున్నాయి. కాసేపటికి రాయమల్లు కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె ఇంకో జత తొడుగులు, గుడ్డ ఇచ్చింది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా ఒక్కో గింజా ఏరారు. ఊడ్చిన చోట పై మట్టి కూడా పారతో గీకి తీశారు. చచ్చిన ఎలుకలను కర్రతో సంచిలోకి ఎత్తారు. అన్నీ కలిపి, బావికీ వాగుకూ దూరంగా, మోకాటి లోతు దాటిన గుంతలో పూడ్చారు.

అప్పుడు రాయమల్లు అన్నాడు, "నా చేతుల కుక్క పోయింది సరోజా."

ఆమె తొడుగులు విప్పి పక్కన కూర్చుంది. తర్వాత తన ఇంటి ముందు జరిగింది, ప్రజ్ఞ సంగతి, మొత్తం చెప్పింది. ఎవరికీ అలా కూర్చుని చెప్పే మనిషి కాదు. "నాకు పిల్ల మిగిలింది. గది నా గొప్ప కాదు. తిన్నది విరుగుడున్న మందు కాబట్టి మిగిలింది," అంది.

కోళ్ళను ఆ రోజు బయటికి వదలనివ్వలేదు. మర్నాడు ముందు తనే కొట్టం చుట్టూ రెండుసార్లు కళ్ళతో వెతికి, ఆ తర్వాత తలుపు తీయమంది. రెండు వందల కోళ్ళలో ఒక్కటీ పోలేదు.

ఆ పొడి దెబ్బకు మిగిలిన ఎలుకలు బెదిరిపోయి, నాలుగు రోజులు పైపుల వైపు రాలేదు. సరోజక్క పైపులను అంగుళం కూడా జరపలేదు. అయిదో రోజు మూడు బిళ్ళలు కొరికి ఉన్నాయి. ఆరో రోజు పదకొండు. తర్వాత రోజూ పొద్దునా సాయంత్రం ఆమె, రాయమల్లు కలిసి కొట్టం చుట్టూ తిరిగి చచ్చినవాటిని ఏరి పూడ్చేవాళ్ళు. మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా గద్ద తిన్నా ఆ మందు వాటికీ ఎక్కుతుందని ఆమె ఒక్కసారే చెప్పింది. ఆయన ఒక్క పూట కూడా తప్పలేదు. మూడు వారాలకు ముప్ఫై నాలుగు బొక్కల్లో మట్టి వేసి మూస్తే రెండే తెరుచుకున్నాయి.

"సఫా అయినయి చిన్నమ్మా!" అన్నాడు హరీష్.

"సఫా గావు. తగ్గినయి. దాణా కింద పారబోస్తే పది దినాలల్ల మళ్ళ వస్తయి," అంటూ ఆమె ప్రతి పైపూ విప్పి, మిగిలిన మందు బయటికి తీసి, నోటుబుక్కులోని లెక్కతో పెట్టినవీ, తిన్నవీ, తీసినవీ సరిపోయాయో లేదో చూసుకుంది. ఒక బిళ్ళ ముక్క తక్కువ వచ్చింది. దాని కోసం అరగంట వెతికి, పైపు కింద ఇరుక్కున్నదాన్ని పట్టుకునే దాకా ఇంటికి కదలలేదు. హరీష్ ఆ అరగంటా ఆమె వెంటే నిలబడ్డాడు. ఆ ముక్క దొరికినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన ఊరట చూశాక, ఇంకెప్పుడూ ఆమెను తొందర పెట్టలేదు.

కొట్టం సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. మొన్న చలికాలంలో జివతి గుట్టల మీది పల్లె నుంచి రాయమల్లు వియ్యంకుడు కబురు పెట్టాడు. జొన్న, కంది ఇళ్ళల్లోకి వచ్చే వేళ, ఇంటింటా ఎలుకలు, ఇంటింటా మేకలు. ఊరి ఆడవాళ్ళందరూ బచత్ గట్ అనే పొదుపు సంఘంలో కూర్చుంటారు, వచ్చి పెట్టే తీరు చూపించమన్నారు. సీతారాం రొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు కట్టి ఇచ్చాడు. రాయమల్లు పైపుల కట్ట భుజాన వేసుకుని రాజురా దాకా వచ్చి, జివతి బస్సు ఎక్కించి వెళ్ళాడు.

కండక్టరు పైపులు చూసి, ప్లంబింగ్ పనికా బాయి అని మరాఠీలో అడిగాడు. ఎలుకల పనికి అంది. అతను నవ్వి, ఆమె ఒళ్ళోని మందు సంచి అందుకుని పైన సామాన్ల అరలో పెట్టబోయాడు. ఆమె ఇవ్వలేదు. పైన ఎవరో ఇంటికి తీసుకుపోతున్న అరటిపళ్ళు, పిల్లల బిస్కెట్ల సంచి ఉన్నాయి.

"ఉండనీ తమ్మీ, బరువేం లేదు," అంది మరాఠీలోనే.

బస్సు గడ్‌చాందూర్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కసాగింది. మలుపుల్లో జనం ఒకరి మీద ఒకరు వాలుతున్నారు. సరోజక్క రెండు చేతులా సంచి పట్టుకుని, ఎండిన టేకాకుల గుట్టల వైపు చూస్తూ, అక్కడి ఆడవాళ్ళకు ముందు మరాఠీలో చెప్పాలా తెలుగులో చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చుంది.